మా నాయిన దగ్గుకు ప్రయాణ బీమా

మా నాయిన గద్వాలలో దగ్గితే కృష్ణ ఆవలి ఒడ్డున ఆత్మకూరులో కుక్కలు లేచి నిలబడేవి. ఏ విషయాన్నయినా పదింతలు చేసి చెబుతానని నా మీద మా బడిలో పిల్లల దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ ఫిర్యాదు ఉంది. ఈ దగ్గు విషయంలో మాత్రం సగానికి సగం తగ్గించి రాస్తున్నాను. పొద్దున్నే మొదటి విడత వినబడగానే మా వీధి చివర హోటలాయన పొయ్యి ముట్టించేవాడు. రెండో విడతకు పాలు పొంగేవి. మూడో విడతకు మా అమ్మ చెంబుతో నీళ్లు, గోటంత బెల్లం ముక్క పట్టుకుని నాయిన పక్కన నిలబడి ఉండేది. నలభై ఏళ్లలో హోటలాయన గానీ, అమ్మ గానీ, ఆ దగ్గు గానీ ఒక్కరోజు సెలవు పెట్టిన గుర్తు నాకు లేదు.

మాది దూదేకే ఇల్లు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లింలం. పరుపులు, మెత్తలు, బొంతలు కుట్టి అమ్మడం తాతల నాటి పని. తాత విల్లు కట్టి నారి మీటి దూది ఏకేవాడు. నాయిన కాలానికి కరెంటు మిషను వచ్చింది. దాన్ని రేకుల షెడ్డులో పెట్టి మీట నొక్కితే లోపల మబ్బు కమ్మేది. ఎదురుగా ఉన్న మనిషి కనబడేవాడు కాదు, దగ్గును బట్టి ఎవరో పోల్చుకోవాలి. మధ్యాహ్నానికి మా ఇంట్లో అందరి కనుబొమ్మలూ నెరిసిపోయేవి. సాయంత్రం స్నానాలయ్యాక ఎవరి వయసు వాళ్లకు తిరిగి వచ్చేది. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా నేనూ ఆ మబ్బులోనే ఉన్నాను. తర్వాత బడిపంతులు ఉద్యోగం దొరికి నాగర్‌కర్నూలు చేరాను.

మా ఇంట్లో రోగాల జాబితా వేరు. జ్వరం రోగం. పచ్చకామెర్లు రోగం. కాలు విరిగితే రోగం. దగ్గు మాత్రం పనిలో భాగం. కమ్మరి చేతికి కాయ కాచినట్టు, నాట్లు వేసే ఆడవాళ్ల వేళ్ల సందులు నీళ్లకు పాసినట్టు, దూదేకే మనిషికి దగ్గు ఉంటుంది. మా వాళ్లలో పిల్లనివ్వడానికి వచ్చిన పెద్దలు పెళ్లికొడుకు సంపాదన అడగరు. కాసేపు కూర్చుని చెవులు రిక్కిస్తారు. లోపలి నుంచి పిల్లవాడు ఒక మంచి దగ్గు దగ్గితే పనిమంతుడని తేల్చుకుని మాట ఖాయం చేస్తారు. ఇది నేను కొంచెం పెంచినదే. కానీ మా అక్కకు సంబంధం చూసి వచ్చిన రోజు నాయిన, పోరడు పని తెలిసినోడే, దగ్గు ఇంటుంటే తెలుస్తలేదా అన్న మాట పెంచింది కాదు.

డెబ్బై ఒకటో ఏట నాయిన తన కోరిక బయటపెట్టాడు. ఉమ్రాకు పోవాలి. హజ్ కాని రోజుల్లో మక్కా మదీనాలు చూసి వచ్చే యాత్ర అది. తానూ, అమ్మా. ఆ మాట చెప్పిన రోజే ఆయన తన తెల్ల లాల్చీని ఉతికించి ఇస్త్రీ చేయించి పెట్టెలో పెట్టేశాడు. అమ్మ అప్పటికే వీధిలో ప్రతి ఇంటికీ పోయి, తెలిసీ తెలియక అన్న మాటలకు మాఫీ అడిగి వచ్చింది. యాత్రకు పోయేవాళ్లు అలా అడగాలి. మా అమ్మ జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు. అందుకని అవతలివాళ్లే కంగారుపడి, తాము అన్నవి గుర్తు తెచ్చుకుని ఆమెను మాఫీ అడిగారు.

అంతా సిద్ధమైంది గానీ ఒక్క కాగితం అడ్డం పడింది. వనపర్తిలో జనాన్ని జట్టు కట్టి యాత్రకు తీసుకుపోయే హాజీసాబు ఒకాయన ఉండేవాడు. అరవై అయిదు దాటినవాళ్లు ప్రయాణ బీమా తెస్తేనే పాసుపోర్టు ముట్టుకుంటానని ఆయన షరతు. అంతకుముందు ఏడాది ఆయన జట్టులో ఒక ముసలాయన అక్కడికి చేరిన మూడోనాడే దవాఖాన పాలయ్యాడట. ఆ దేశపు దవాఖాన వేసిన బిల్లు చూసి హాజీసాబు కూడా పక్క మంచం ఎక్కాల్సి వచ్చిందట. ఇది ఆయన స్వయంగా పెంచి చెప్పింది, నా చేయి లేదు. బీమా కాగితానికి నెల గడువిచ్చాడు. లేకపోతే ఆ రెండు చోట్లూ వాటికోసం కాచుకున్న కల్వకుర్తి వాళ్లకు పోతాయి.

మా ఇంట్లో చిన్న అక్షరాలు చదవగలిగేవాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి బీమా ఎంచే పని నా నెత్తిన పడింది. నాగర్‌కర్నూలు నుంచి వనపర్తికి ఒక బస్సు, వనపర్తి నుంచి గద్వాలకు ఇంకో బస్సు. ఆ నెలలో కండక్టర్లు నన్ను చూడగానే టికెట్టు చించి చేతిలో పెట్టేవాళ్లు.

వనపర్తిలో దొరికిన ఏజెంటు చాలా పేరున్నవాడు, కానీ బర్రెల్లో. అయిజ నుంచి ఆత్మకూరు దాకా పాలిచ్చే ప్రతి బర్రె చెవికీ అతను కుట్టిన నంబరు బిళ్ల వేలాడుతుండేది. దేశం దాటిపోయే మనిషికి బీమా చేయడం అతనికి అదే మొదలు. మా షెడ్డుకు వచ్చి పరుపుల మీద కూర్చోగానే అలవాటుకొద్దీ నాయిన నోట్లోకి తొంగి చూశాడు. నాయిన కూడా మొహమాటపడి నోరు తెరిచాడు. నాలుగు పళ్లు కనబడ్డాయి. ఏజెంటు తృప్తిగా తలూపి సంచిలోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి తెల్లది, ఒకటి పసుపుపచ్చది.

తెల్లది చవక. ముందునుంచి ఉన్న ఏ రోగానికీ పైసా ఇవ్వదు. పసుపుపచ్చది ప్రియం. ఉన్న రోగమేదో ముందే ఒప్పుకుని డాక్టరు కాగితాలు జతచేస్తే, వాళ్లకు ఇష్టమైతే, ఆ రోగం పరాయి దేశంలో ముదిరినా చూసుకుంటుంది. డెబ్బై దాటితే దేనికైనా ఛాతీ ఎక్స్‌రే, డాక్టరు సంతకం తప్పవు. మిగతా వరాలన్నీ రెండింట్లోనూ ఒకటే. నేను ఒక్కొక్కటే చదివి తెలుగు చేసి చెప్పాను. సామాన్లు పోతే ఇంత. విమానం పన్నెండు గంటలు ఆలస్యమైతే ఇంత. పంటి నొప్పి వస్తే ఇంత. విమానాన్ని దుండగులు ఎత్తుకుపోతే రోజుకు ఇంత.

నాయిన అక్కడ ఆపాడు. రోజుకింతా అని మళ్లీ అడిగాడు. కాసేపు ఆలోచించి, ఎన్ని దినాలు పెట్టుకుంటరో కూడా రాసుంటదా అన్నాడు. ఏజెంటు నా వైపు చూశాడు. రాసి లేదు. ఉండి ఉంటే మా నాయిన దుండగులకు దారి చూపించేవాడని నా అనుమానం.

చివరి పేజీలో, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంది. అక్కడ మనిషి చనిపోతే శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు. నేను చూడనట్టు పేజీ తిప్పబోయాను. ఏజెంటు వేలు పెట్టి ఆపి, అసలు లాభం గిదే సార్ అన్నాడు. చదవక తప్పలేదు.

"నన్ను తెచ్చుడెందుకు?" అన్నాడు నాయిన. "గా మట్టి దొరకాల్నంటే నసీబుండాలె. గా లైను కొట్టెయ్యమను. జర తగ్గుతదేమో అడుగు."

అమ్మ పక్కనే మెత్తకు కుట్లు వేస్తోంది. సూది ఆపలేదు.

"కొట్టెయ్యుండ్రి," అంది. "నేనొక్కదాన్నే వస్త. రెండో సీట్ల సంచి పెట్టుకుంట."

నాయిన బెల్లం ముక్క నోట్లో వేసుకుని బయటి వైపు చూశాడు. ఏజెంటు, లైను కొట్టెయ్యనీకి రాదు చాచా, అన్నీ కలిపే ఉంటయి అని సర్దిచెప్పాడు. అలా ఆ గండం గడిచింది.

తర్వాతి గండం దరఖాస్తులో ఏడో ప్రశ్న. మీకు ఇదివరకు ఏదైనా జబ్బు ఉన్నదా. నాయిన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా లేదన్నాడు. నేను మెల్లగా దగ్గు సంగతి ఎత్తాను. దగ్గుదేముంది అన్నాడు. దాన్ని రాసి పసుపుపచ్చది తీసుకుందామన్నాను. రోగం లేనోనికి రోగం కాయితమెందుకు, తెల్లదే రాయమన్నాడు. ఆయన అబద్ధమాడటం లేదు. నా పిచ్చి ప్రశ్న అర్థం కాక నిజంగానే నా ముఖంలోకి చూశాడు. నీ పేరు ముందర సున్నా ఉందా అని అడిగితే ఎట్లా చూస్తారో అట్లా.

మరునాడు ఆయన్ని గద్వాలలోనే ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు గొట్టం పెట్టి వీపంతా వెతికాడు. ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు. మిషను ఆపేశాక కూడా కాసేపు పట్టా తిరుగుతూ ఉంటుంది చూడండి, అలాంటి చప్పుడు గొట్టం లేకుండానే నాకు వినబడింది. డాక్టరు గొట్టం తీసి మెడలో వేసుకుని, ఎక్స్‌రే తర్వాత సంగతి, ఈ మనిషిని విమానమెక్కించడానికి నేను సంతకం పెట్టనన్నాడు. ఆ జనంలో ఏడు ప్రదక్షిణలు చేయాలి, కొండల మధ్య ఏడుసార్లు అటూ ఇటూ నడవాలి, ముందు పట్నంలో ఛాతీ దవాఖానకు పొమ్మన్నాడు.

నాయిన చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. మెట్లు దిగాడు. దిగాక, "నా పనిని రోగమంటడు," అన్నాడు. "గాయన పండుకునే పరుపు ఎవడు కుట్టిండనుకుంటుండు?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ పూట అన్నం ముందు కూర్చుని, పోయేది లేదా మరి అని అమ్మను అడిగాడు. నన్నడగలేదు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి గొంతులో, పండగకు కొత్తబట్టలు లేవని చెబితే పిల్లలు అడిగే మాట ఉంది. పరుపుల మధ్య కూర్చుని నేను తల ఎత్తలేకపోయాను.

ఈ సంగతి వినగానే ఏజెంటు ఏమాత్రం పరేషాన్ కాలేదు. అతనికి బర్రెల అనుభవం ఉంది. బీమా ఉన్న బర్రె బతికి ఉండగా లేనిది చచ్చిపోతే, చెవి బిళ్ల దీన్నుంచి దానికి ఎట్లా మారుతుందో అతనికి తెలుసు. ఎవరు మారుస్తారో మాత్రం తెల్వదన్నాడు. అదే పద్ధతిలో వేరే గట్టి మనిషి ఛాతీకి మీ నాయిన పేరు పెడదామన్నాడు. "బిళ్ల ఒకటే గద సార్. కంపెనీవోడు బర్రెను చూస్తడా, నంబరు చూస్తడు."

పిల్లలకు నీతి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. ఆ ఉద్యోగానికి న్యాయం చేస్తూ రెండు నిమిషాలు ఆలోచించాను. తర్వాత, ఎవరో ఎందుకు, నేనే నిలబడతానన్నాను. బీడీ ముట్టను. మెట్లెక్కితే ఆయాసం రాదు. చలికాలం పొద్దున పూట కాస్త దగ్గు వస్తుంది గానీ అది సుద్దముక్కల పొడి వల్ల. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల కింద నిలబడే మనిషికి ఆ మాత్రం ఉంటుంది.

నాయినతో ఏజెంటే మాట్లాడాడు. ఎవనిది పెడ్తరని నాయిన అడిగాడు. గట్టోనిది పెడ్త చాచా అన్నాడు అతను. జీవితంలో ఒక్క మెత్తలో కూడా పాత దూది కలపని మనిషి మా నాయిన. అయినా కాదనలేదు. లేచి షెడ్డులోకి పోయి మిషను వేసుకున్నాడు.

వనపర్తిలో ఎక్స్‌రే తీసేచోటికి నేను పెద్ద తయారీతోనే పోయాను. పది రోజులు గడ్డం గీసుకోలేదు. తలకు రంగు పెట్టలేదు. నాయిన పాత టోపీ, ఆయన లుంగీ. నడుము వంచి, మాట్లాడితే పెదవులు వణికించి, ఇంటి దగ్గర అద్దం ముందు రెండుసార్లు సాధన కూడా చేశాను. ఇంత ప్రతిభ పెట్టుబడి పెట్టి లోపలికి పోతే, చీటీ రాసే ఆమె పేరడిగింది, వయసడిగింది. డెబ్బై ఒకటి అన్నాను. తల ఎత్తి నా ముఖం చూసింది. రాసుకుంది. కనీసం ఒక్క అనుమానపు చూపు. కనీసం, తాతా ఈ వయసులో కూడా గట్టిగ ఉన్నవు అనే ఒక్క మాట. ఏమీ లేదు. పైగా లోపల యంత్రం దగ్గర ఉన్నాయన నా రెక్క పట్టుకుని, పడిపోతవ్ పైలం అని నెమ్మదిగా నిలబెట్టాడు. నలభై అయిదేళ్ల మగవాడి అహంకారం చల్లటి రేకుకు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

బయటికి వచ్చి గడ్డం గీయించుకుని, ప్యాంటూ చొక్కా వేసుకుని కొడుకునైపోయాను. ఏజెంటు నన్ను తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ముసలాయన నడవలేక ఆటోలో పడుకున్నాడని నేనే చెప్పాను. బయట ముప్పైమంది ఉన్నారు, డాక్టరు లేచి ఆటో దాకా వచ్చే తీరిక లేదు. ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు.

"మీ నాయినేం పని చేస్తడు?"

దూది ఏకుతాడని చెప్పాను.

"అనుకున్న," అన్నాడు. వేలితో చూపించాడు. ఊపిరితిత్తులు రెండూ గాలి నిండి ఉబ్బిపోయాయట. కింది భాగంలో పొగ పట్టినట్టు గీతలు. దుమ్ము ఏళ్ల తరబడి పోయి కూర్చుందట. ఇంకోసారి వయసు అడిగాడు. చెప్పాను.

"డెబ్బై ఒకటికి గింత మామూలే. ఏం కాదు, పోయి రమ్మను," అని కలం తీశాడు. పని అయిందని ఏజెంటు ఫీజు కట్టడానికి బయటికి పోయాడు. సంతకం పెడుతూ, "గిదే నలభై, నలభై అయిదేండ్ల మనిషిదైతే సంతకం పెట్టకపోయేటోన్ని. గిట్లనే పట్నం దవాఖానకు తోలేటోన్ని," అన్నాడు.

నేను థ్యాంక్స్ చెప్పాను. అది నాకు బాగా గుర్తుంది. రెండుసార్లు చెప్పాను.

వనపర్తి బస్టాండులో సిమెంటు బల్ల మీద ఫిల్ము కవరు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాగర్‌కర్నూలు బస్సులు మూడు పోయాయి. దేన్నయినా పదింతలు చేసే మనిషికి అప్పుడు ఒక చిక్కు వచ్చింది. పెంచడానికి ఏమీ మిగల్లేదు. అక్కడున్నది ఉన్నట్టే సరిపోయింది. ఒకసారి కావాలని లోతుగా ఊపిరి పీల్చి చూశాను. సగం దాకా పోయి ఆగింది. ఎప్పుడూ అక్కడే ఆగేదో, ఆ రోజే ఆగిందో ఎంత ఆలోచించినా తెలియలేదు. ఎప్పుడూ గమనించింది లేదు కదా. సుద్దపొడి అనే మాట నోట్లో ఒకసారి అనుకున్నాను. మా నాయిన దగ్గుదేముంది అన్నప్పుడు ఎట్లా అన్నాడో, అచ్చం అదే గొంతు.

ఇంటికి పోయి భార్యకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ముందు వాళ్లిద్దరూ యాత్రకు పోయి రానీ అనుకున్నాను. అట్లా అనుకోవడంలో ఉన్న మోసం కూడా నాకు తెలుసు. అక్కడ నాయినకు ఊపిరి అందకపోతే, ఆ దేశపు డాక్టరు ఒక్క ఎక్స్‌రే తీస్తే చాలు. తెల్ల కాగితం అక్కడికక్కడే చిత్తుకాగితం అవుతుంది. అమ్మ భాష తెలియని ఊరిలో, సంచి పక్కన కూర్చుని ఉంటుంది. ఆ వారం బడిలో పిల్లలకు ఎక్కాలు తప్ప ఇంకేం చెప్పలేకపోయాను.

ఆదివారం గద్వాల పోయాను. దరఖాస్తు మీద నాయిన సంతకం తీసుకోవడానికి ఏజెంటు కూడా వచ్చాడు. నాయిన చేతులు కడుక్కుని, పనిబట్టల మీది దూది దులుపుకుని వచ్చి కూర్చున్నాడు. అమ్మ చాయ్ తెచ్చింది. పని చక్కబెట్టిన సంతోషంలో ఏజెంటు ఆగలేకపోయాడు.

"నీ కొడుకు మంచిగ పనికొచ్చిండు చాచా," అన్నాడు. "నేనైతే ఫిల్ము మరీ సాఫుగొస్తే డాక్టర్‌కు అనుమానం వస్తదని భయపడ్డ. కానీ సార్ ఊపిరితిత్తులు నీ వయసుకు సరీగ సరిపోయినయి. డెబ్బై ఒకటికి గిట్లనే ఉంటయని డాక్టరే అన్నడు. కొలత పెట్టి కుట్టినట్టు."

అతను నవ్వాడు. మెచ్చుకోలుగానే అన్నాడు, ఏమన్నాడో అతనికి తెలియదు. నాయిన కవరు అడిగి తీసుకున్నాడు. ఫిల్మును వాకిలి వైపు పట్టుకుని చూశాడు. ఆయనకు అందులో ఏం కనబడిందో నాకు తెలియదు. దూదిని అయితే ఆయన చేత్తో పట్టుకోకుండానే ఏ చేనుదో చెబుతాడు. చాలాసేపు చూసి దాన్ని ఒడిలో పెట్టుకున్నాడు.

"నీకెన్నేండ్లురా?"

చెప్పాను. కన్న తండ్రికి నా వయసు తెలియక కాదు.

"దగ్గొస్తదా?"

"చలికాలం వస్తది. సుద్దపొడికి."

ఆయన ఔనన్నట్టు తలూపాడు. నమ్మి ఊపింది కాదు. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఏజెంటు ఒకరి తర్వాత ఒకరిని చూసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. నాయిన కలం తీసుకోలేదు. తెల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఏజెంటు చేతిలో పెట్టాడు.

"పసుపుది తియ్యి. రోగమున్నదా అని అడిగిన కాడ ఉన్నదని రాయి."

అలా రాస్తే ఈ ఫిల్ము పనికిరాదని, ఆయన అసలు ఎక్స్‌రే పంపాలని, అది చూస్తే ఏ కంపెనీ ఒప్పుకోదని ఏజెంటు బతిమాలాడు. హాజీసాబు గడువు వారమే ఉందని గుర్తుచేశాడు. నేనూ అడ్డం పడ్డాను. నా సంగతి తర్వాత చూసుకుందాం నాయినా, ముందు మీరు పోయి రండి అన్నాను.

"ఇన్నేండ్లు పనే అనుకున్న," అన్నాడు నాయిన ఎవరితోనో అన్నట్టు. "మా నాయినకుండె, నాకుండె. నేను రోగమని ఎట్లంట? వీనికొచ్చిందంటే రోగమే. రాయి."

రాశాను. ఏడో ప్రశ్న కింద గడి చిన్నది. దగ్గు అని రాసి, ఎన్నాళ్ల నుంచి అనేచోట నలభై ఏళ్లకు పైగా అని రాశాను. ఆయన తన పేరు తెలుగులో, ఒక్కొక్క అక్షరం కుట్టు వేసినట్టు రాసి సంతకం పెట్టాడు. మరునాడు ఆయనే వనపర్తికి వచ్చి నిజం ఎక్స్‌రే తీయించుకున్నాడు. కంపెనీ వాళ్లు జాప్యం చేయలేదు. నాలుగో రోజుకల్లా మీ దరఖాస్తును అంగీకరించలేకపోతున్నాం అని ఒక్క వాక్యం. నేను వంద వాక్యాలు రాసినా అంత బరువు తూగదు.

హాజీసాబు రెండు చోట్లూ కల్వకుర్తి వాళ్లకు ఇచ్చేశాడు. నువ్వైనా ఇంకో జట్టుల మీ తమ్మునితోటి పోయి రా అని నాయిన అమ్మను చాలా చెప్పి చూశాడు. ఆమె పెట్టె తెరిచి ఇస్త్రీ లాల్చీ తీసి గూట్లో పెట్టి, పెట్టెలో ఎప్పటిలా మెత్త గలీబులు నింపింది. మాఫీ అడిగిన ఇళ్లవాళ్లు ఎదురై ఎప్పుడు పోతున్నరని అడిగితే, ఇంక పోతలేమని చెప్పేది.

జట్టు వనపర్తి నుంచి బయల్దేరిన వారానికే నాయిన నన్ను వెంటబెట్టుకుని పట్నం ఛాతీ దవాఖానకు బయల్దేరాడు. తనను నేను తీసుకుపోతున్నానని నేను అనుకున్నాను. దవాఖానకు చేరాక తెలిసింది, చీటీ నా పేరు మీద రాయించాడు. తనకు రాయించుకోలేదు. నేను ఎంత చెప్పినా, నాదేముంది, నాదైపోయింది అని వరుసలో నా వెనకే నిలబడ్డాడు. ఆ వరుస మా కృష్ణంత పొడుగు. రాతిగనుల వాళ్లు, బీడీల వాళ్లు, మిల్లుల వాళ్లు. ఒక్కొక్కరి దగ్గు ఒక్కొక్క రకం. కళ్లు మూసుకుని వింటే ఎవరిది ఏ పనో చెప్పేయొచ్చు. నాయిన కూడా వింటున్నాడని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

రెండు గంటల తర్వాత మా వంతు వచ్చింది. లోపల ఉన్న డాక్టరమ్మ చిన్న వయసామె. అక్కడ కొత్తగా తీయించిన నా ఫిల్ము చూసింది. గొట్టం పెట్టి విన్నది. కలం పట్టుకుని, ఎన్నాళ్ల నుంచి దూది దుమ్ములో ఉన్నారని అడిగింది. పదిహేనో ఏట మిషను దగ్గర నిలబడ్డానని, ఇరవై అయిదుకు వదిలేశానని, మొత్తం పదేళ్లని చెప్పాను. ఆమె రాసుకోబోయింది.

"కాదు బిడ్డా," అన్నాడు నాయిన వెనక నుంచి. "పుట్టినకాడి నుంచి రాసుకో. వీని తొట్టె నేనే షెడ్డుల కట్టిన. మెత్తగ దూది పక్కన మంచిగ నిద్రపోతడని."